శుక్రవారం రాత్రి ఆ కాలేజీలో ఏం జరుగుతుంది?

మావాడు తొమ్మిదో క్లాసులో ఉండగా ఒక శనివారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెస్ బోర్డు సంచిలో పెట్టుకుని ముందుగది సోఫాలో కూర్చున్నాడు. ఎక్కడికిరా అంటే, క్లాసులో ఒకబ్బాయి శనివారం కలుద్దామన్నాడట. ఎన్నింటికి? చెప్పలేదు. ఎక్కడ? చెప్పలేదు. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోరాదా అన్నాను. "చేస్తాడులే అమ్మా, అన్నాడుగా" అన్నాడు. ఒంటిగంటకి భోజనానికి పిలిస్తే చొక్కా మార్చుకుని వచ్చాడు. ఆ అబ్బాయిని ఒక్క మాట అనలేదు. "మర్చిపోయుంటాడు" అని పప్పు కలుపుకున్నాడు.

ఈ అమెరికాలో "కలుద్దాం" అంటే మనం గుమ్మం దగ్గర "వస్తూ ఉండండి" అంటామే, అలాంటిది. దానికి తేదీ, టైమూ ఉండవు. ఇక్కడే పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియదా అని మా ఆయన విసుక్కున్నారు. తెలియకేం, తెలుసు. ఎవరైనా ఒక మాట అంటే అది నిజంగానే అన్నారనుకోవడం వాడికి అలవాటు, అంతే. గ్రూప్ ప్రాజెక్టులో మిగతా ముగ్గురూ చెయ్యి కదపకపోయినా టీచరు దగ్గర "అందరం చేశాం" అని చెప్పి వచ్చే రకం.

ఈ పిల్లాడికి కాలేజీ వెతకాల్సి వచ్చింది.

మాది షికాగో పక్కన నేపర్‌విల్. ఇక్కడ మనవాళ్ళింట్లో ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా, పన్నెండో క్లాసు పిల్లలున్న తల్లిదండ్రులు ప్రసాదం చేతిలో పట్టుకుని మాట్లాడుకునేది ఒక్కటే. అర్బానాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వచ్చిందా, పర్డ్యూ యూనివర్సిటీలో వచ్చిందా. ర్యాంకు, ఫీజు, ఉద్యోగం. ఈ మూడూ అక్కర్లేదని నేననను, ఇంటి లోను మాకూ ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్లాడు నాలుగేళ్ళపాటు రోజూ రాత్రి ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటాడు అని నేనడిగితే అందరూ నవ్వారు.

మా బావగారు మాత్రం నవ్వలేదు, సలహా ఇచ్చారు. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుందమ్మా. లోకం అలాంటిది. పెద్ద యూనివర్సిటీలో పడెయ్యండి. నాలుగు ఎదురుదెబ్బలు తగిలితే వాడే రాటుదేలతాడు."

పెద్దాయన, మా మంచి కోరే చెప్పారు. అప్పుడేమీ అనలేకపోయాను. ఆ రాత్రి అంట్లు తోముతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు.

1994లో మా నాన్న వాణ్ణి ఇంటర్‌కి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మాది తెనాలి. మా ఊళ్ళో నాటకాల పిచ్చి ఎంతో తెలిసినవాళ్ళకి తెలుసు. మావాడు రాత్రంతా మెలకువగా కూర్చుని నాటకం చూసొచ్చి, మర్నాడు పద్యాలన్నీ రాగం తీసి పాడేవాడు. హాస్టల్లో గదికి పన్నెండుమంది. మొదటి నెలలోనే బాత్‌రూమ్‌లో పాడుతూ దొరికిపోయాడు. ఇక ప్రతి రాత్రీ స్టడీ అవర్ అయ్యాక ట్రంకుపెట్టె మీద నిలబెట్టి పాడించడం, మధ్యలో ఈలలు, అరుపులు. వార్డెన్‌కి తెలుసు. మగపిల్లలన్నాక మామూలే అన్నాడట. దసరా సెలవులకి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళనన్నాడు. ఎందుకో చెప్పలేదు. రెండేళ్ళు ఓర్చుకోరా అన్నారు నాన్న. ఓర్చుకున్నాడు. మంచి ర్యాంకే వచ్చింది. ఇప్పుడు బెంగళూరులో పెద్ద ఉద్యోగం. బావగారి లెక్కలో వాడు రాటుదేలినట్టే. ముప్ఫై ఏళ్ళలో వాడి నోట మళ్ళీ పద్యం వినలేదు నేను. నా పెళ్ళిలో అందరూ బతిమాలితే, గొంతు బాగాలేదని తప్పించుకున్నాడు. ఆ ట్రంకుపెట్టె సంగతి నలభై దాటాక ఒకసారి ఫోన్లో, ఏదో మాటల్లో బయటపెట్టాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు సంగతి ఇది. చట్టం అప్పటికే ఉన్నా, పన్నెండుమంది గదిలో రాత్రి పదింటికి అది ఏ మాత్రం పనికొచ్చేదో చెప్పలేను.

కాబట్టి మెత్తని పిల్లల్ని గట్టిపరచాలన్న మాట నేను ఒప్పుకోను. గట్టిపడ్డాక ఏం మిగులుతుందో ఒకసారి చూశాను. పిల్లాణ్ణి మార్చడం మానేసి, వాడిలాంటివాళ్ళు మామూలుగా తిరిగే చోటు వెతకాలి. మా ఆయన అనుమానం ఇంకోటి: "నాలుగేళ్ళు అలా దాచిపెడితే ఆ తర్వాతో?" మా డెల్టాలో నారు ముందు నారుమడిలో పోసి, కాస్త వేళ్ళు పట్టాకే కదండీ పొలంలో నాటేది అన్నాను. "ఇప్పుడు అక్కడ కూడా నేరుగా వెదజల్లేస్తున్నారు" అన్నారు. వ్యవసాయం పోలికలు తెచ్చేముందు ఊరికి ఫోన్ చేసి కనుక్కోవాలని తెలిసొచ్చింది.

అయితే పెద్ద యూనివర్సిటీలో నెమ్మదస్తుడికి ఇబ్బంది ఎక్కడొస్తుంది? అక్కడ చెడ్డవాళ్ళు ఎక్కువ ఉంటారనేం కాదు. అర్బానాలో 50 వేల పైచిలుకు విద్యార్థులున్నారు. అందులో మావాడిలాంటివాళ్ళు వెయ్యిమందైనా ఉంటారు. వాళ్ళని వీడు వెతుక్కోవాలి, వచ్చిన చిక్కల్లా అదే. సోమవారం లెక్చర్లో పక్కన కూర్చున్నవాడు బుధవారం మూడొందలమందిలో ఎక్కడ కూర్చుంటాడో తెలియదు. పెద్ద చోట్ల కొన్ని క్లబ్బుల్లో చేరాలంటే కూడా దరఖాస్తు, ఇంటర్వ్యూ. నోరున్నవాడు మొదటి నెలలోనే పదిమందిని పోగేసుకుంటాడు. నోరులేనివాడికి స్నేహం ఒకే దారిన వస్తుంది. అదే మొహం మళ్ళీ మళ్ళీ కనబడాలి. మెట్ల మీద, లాండ్రీ దగ్గర, టిఫిన్ క్యూలో. పదకొండోసారి కనబడినప్పుడు వాడు తలూపుతాడు. ఇరవయ్యోసారి మాట్లాడతాడు. వెయ్యిన్నరమంది ఒకే చోట తిని, ఒకే చోట పడుకునే కాలేజీలో ఆ ఇరవై సార్లు సెప్టెంబర్లోనే అయిపోతాయి.

ఇంతవరకూ అనుకుని, చిన్న కాలేజీ అయితే చాలనుకున్నాను. అది నా తప్పు.

మేం మొదట చూసిన చిన్న కాలేజీ పేరు చెప్పను. క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. ఎర్ర ఇటుక భవనాలు, మేపుల్ చెట్లు, రెండు వేలలోపు పిల్లలు. టూర్ చూపించిన అమ్మాయి వెనక్కి నడుస్తూ "ఇక్కడ అందరూ అందరికీ తెలుసు" అని మూడుసార్లు అంది. సాయంత్రం దాకా ఉన్నాం కాబట్టి సరిపోయింది. అది శుక్రవారం. ఏడు దాటేసరికి ఊళ్ళో ఉన్న ఒక్క వీధిలో ఫ్రాటర్నిటీల, అంటే జట్టుకట్టి ఒకే ఇంట్లో ఉండే మగపిల్లల సంఘాల, ఇళ్ళ ముందు బీరు తాగే ఎర్ర ప్లాస్టిక్ కప్పులు, గుండెలదిరే పాటలు. డైనింగ్ హాల్లోకి వెళితే బల్లలన్నీ జట్లవారీగా పంచుకున్నట్టున్నాయి. ఫుట్‌బాల్ వాళ్ళవి రెండు, లాక్రాస్ వాళ్ళది ఒకటి, ఈత వాళ్ళది ఒకటి. కిటికీ పక్కన ఒక పిల్లాడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడే తింటున్నాడు. మావాడు ట్రే పట్టుకుని తిన్నగా వెళ్ళి వాడి ఎదురుగా కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు కానీ, కారెక్కాక మావాడు అన్న మాట ఇది: "అమ్మా, ఆ అన్న వేరే కాలేజీకి మారిపోతున్నాడట."

అప్పుడు తట్టింది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఎనభై, తొంభైమంది కావాలి. కాలేజీలో యాభై వేలమంది ఉన్నా అంతే, పదిహేను వందలమంది ఉన్నా అంతే. పెద్ద చోట ఆ జట్టు సముద్రంలో చెంచాడు. చిన్న చోట అన్ని ఆటలవీ కలిపి చిన్నాపెద్దా జట్లు ఇరవై ఉంటే కాలేజీలో మూడో వంతు ఆటగాళ్ళే అవుతారు. ఆటగాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళలోనూ సాధువులుంటారు. కాకపోతే వాళ్ళు ఆగస్టులోనే వచ్చి, కలిసి చెమటోడ్చి, మిగతావాళ్ళు పెట్టెలు దించేనాటికే స్నేహితులైపోయి ఉంటారు. దానికి ఫ్రాటర్నిటీలు కూడా తోడైతే మిగిలినవాళ్ళకి మిగిలేది కిటికీ పక్క కుర్చీ. పెద్ద యూనివర్సిటీలో ఒక గుంపు నచ్చకపోతే ఇంకో గుంపు దొరుకుతుంది. చిన్న చోట ఉన్నదే ఒక్క గుంపు అయితే వెళ్ళడానికి ఇంకో చోటుండదు. అందుకే మెత్తని పిల్లాడికి చెడ్డ చిన్న కాలేజీ కన్నా పెద్ద యూనివర్సిటీయే నయమంటాను.

ఇంటికొచ్చాక పద్ధతి మార్చాను. ఇక్కడ చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం బయటపెడతాయి. మనవాళ్ళు దాన్ని తెరిస్తే నేరుగా మార్కులు, స్కోర్లు ఉన్న పేజీకి వెళతారు. నేను ఎఫ్ విభాగానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఫ్రాటర్నిటీల్లో, ఆడపిల్లలకి అలాంటివే అయిన సొరోరిటీల్లో చేరేవాళ్ళు నూటికి ఎంతమంది, క్యాంపస్‌లోనే ఉండేవాళ్ళు నూటికి ఎంతమంది అన్నది అక్కడ ఉంటుంది. మొదటిది సున్నాకి, రెండోది నూటికి ఎంత దగ్గరగా ఉంటే మాకు అంత మంచిది. సగంమంది శుక్రవారం మధ్యాహ్నమే కారెక్కి ఇళ్ళకి పోయే చోట, ఉండిపోయిన పిల్లాడి శనివారం సంగతి మీరే ఊహించుకోండి. బి విభాగంలో మొదటి ఏడాది చేరినవాళ్ళలో ఎంతమంది రెండో ఏడాదికి తిరిగొచ్చారో ఉంటుంది. తొంభై శాతం దాటితే నాకు ధైర్యం. ఇవన్నీ ఎక్సెల్‌లో వేసి పెడితే మా ఆయన "పెళ్ళిసంబంధాలు కూడా ఇంత చూడం" అన్నారు.

అంకెలతో సగమే తెలుస్తుంది. తర్వాత చూసిన ప్రతిచోటా టూర్ వదిలేసి, భోజనం క్యూలో నిలబడ్డ పిల్లల్ని రెండే ప్రశ్నలడిగాను. నిన్న రాత్రి ఎవరితో తిన్నావు? పోయిన శుక్రవారం రాత్రి ఏం చేశావు? ఈ రెండో ప్రశ్నకి తడుముకోకుండా, సిగ్గుపడకుండా "ఏం లేదు, బోర్డ్ గేమ్స్ ఆడాం, పన్నెండింటికి గ్రిల్డ్ చీజ్ తిన్నాం" అని చెప్పేవాళ్ళు వరసగా ముగ్గురు దొరికితే ఆ కాలేజీ మా జాబితాలో ఉండిపోయింది.

మిన్నెసోటాలో నార్త్‌ఫీల్డ్ అనే ఊరుంది. ఆవులు, కాలేజీలు, సంతృప్తి అన్నది ఆ ఊరు తన గురించి చెప్పుకునే మాట. ఊళ్ళో సిరియల్ ఫ్యాక్టరీ ఉంది. గాలి ఇటు తిరిగితే వీధులన్నీ వేయించిన ధాన్యం వాసన. నదికి అటొక కాలేజీ, ఇటొక కాలేజీ. సెయింట్ ఓలాఫ్‌లో క్యాంపస్‌లో మద్యం నిషేధం. ఆ కాలేజీకి బృందగానంలో పేరు. ఇటు కార్ల్‌టన్‌లో రెండు వేలమంది పిల్లలు. ఫ్రాటర్నిటీలు లేవు. డేసీ మోజెస్ అని ఒక పెద్దావిడ అక్కడ ఉద్యోగం చేసేవారట. తన ఇంటి తలుపులు పిల్లలకి ఎప్పుడూ తెరిచే ఉంచేవారు. 1981లో చనిపోతూ ఆ ఇల్లు కాలేజీకి వదిలిపెట్టారు. ఇప్పటికీ వంటింట్లో పిండి, చక్కెర, వెన్న ఉంటాయి. ఎవరైనా వెళ్ళి కుకీలు చేసుకోవచ్చు. తిని మిగతావాళ్ళకి ఉంచాలి, గిన్నెలు కడిగి పెట్టాలి, అంతే. ఆదివారం పొద్దున అందరికీ ఫలహారం. మావాడు ఆ వంటింట్లో చాలాసేపు నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. మా అమ్మమ్మ ఇంట్లో పాలేరు పిల్లలకీ, చుట్టాల పిల్లలకీ ఒకే పళ్ళెంలో జంతికలు పెట్టిన అరుగు గుర్తొచ్చింది. ఒక కాలేజీ ఎలాంటిదో తెలియాలంటే ముసలావిడ వంటిల్లు నలభై ఏళ్ళు నడిచిందా లేదా చూస్తే చాలనిపించింది. ఇది వాదన కాదు, నా బలహీనత.

ఇండియానాలో రిచ్‌మండ్ ఊళ్ళో అర్లమ్ ఉంది. 1847లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు పెట్టిన కాలేజీ. వెయ్యిమంది కూడా ఉండరు. అక్కడ పిల్లలు ప్రొఫెసర్లనీ, ప్రెసిడెంటునీ కూడా పేరు పెట్టే పిలుస్తారు. మనుషులంతా సమానం, బిరుదులొద్దు అన్నది క్వేకర్ల పట్టుదల. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంట్లో పాలు పోసే అబ్బాయిని కూడా "గారూ" అనమని నేర్పిన నాన్న కూతుర్ని. మావాడు కాసేపు ఆలోచించి "నేను ప్రొఫెసర్ అనే పిలుస్తా, వాళ్ళేమీ అనుకోరు కదా" అన్నాడు. వాణ్ణి పట్టుకున్నది వేరేది. క్వేకర్ల సమావేశాల్లో అందరూ మౌనంగా కూర్చునే పద్ధతి. ఎవరికైనా చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే లేదు. చిన్నప్పటినుంచీ ప్రతి రిపోర్టు కార్డులోనూ "క్లాసులో ఇంకా మాట్లాడాలి" అని రాయించుకున్న పిల్లాడు వాడు.

ఫిలడెల్ఫియా దగ్గర హావర్‌ఫోర్డ్ కూడా క్వేకర్లు పెట్టిందే, 1833లో. అక్కడ ఫైనల్ పరీక్షలు ఎప్పుడు రాసుకోవాలో పిల్లలే ఎంచుకుంటారు, గదిలో కాపలా ఎవరూ ఉండరు. నిజాయితీగా ఉంటామని రాసుకున్న ఆ నియమాలని ఆనర్ కోడ్ అంటారు, దాన్ని ఏటా విద్యార్థులు ఒకచోట చేరి మళ్ళీ ఆమోదించుకోవాలి. ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చిందని చీటీలు కిటికీలోంచి పారేసిన హాల్లో ఇంటర్ రాసినదాన్ని నేను. మొదట నమ్మలేదు. ఎవరి మాటనైనా నమ్మేవాణ్ణి పట్టుకుని అమాయకుడు అని జాలిపడే లోకంలో, ఆ నమ్మకం మీదే కాలేజీ నడుపుతున్నారు వాళ్ళు.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి ప్రైవేటు కాలేజీల్లో పేరున్నవాటి ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయింది. ఆ అంకె చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. సాయం పోను మనకి ఎంత పడుతుందో అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్లోనూ ఉండాలని 2011 నుంచి నిబంధన ఉంది, అందులో మీ ఆదాయం వేసి చూడండి. కార్ల్‌టన్, గ్రిన్నెల్, హావర్‌ఫోర్డ్ లాంటివి కుటుంబ అవసరాన్ని లెక్కగట్టి ఆ మేరకు సాయం చేస్తాయి. మనలాంటి రెండు జీతాల ఇళ్ళకి ఆ లెక్కలో పెద్దగా దక్కదు. ఊస్టర్, లారెన్స్, సెయింట్ ఓలాఫ్ లాంటివి మార్కులు చూసి కూడా తగ్గిస్తాయి. ఇంకో భయం కూడా ఉంది, ఇది దాచకూడదు. చిన్న కాలేజీలు మూతపడుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్, అలబామాలో బర్మింగ్‌హామ్ సదర్న్, రెండూ 2024లోనే మూసేశారు. రెండూ నూరేళ్ళు దాటినవే. అందుకే ఏటేటా చేరేవాళ్ళు తగ్గుతున్నారా, మూలనిధి ఎంతుంది అన్నది కూడా నా ఎక్సెల్‌లోకి ఎక్కింది.

నా వాదనలో కన్నాలు నాకు తెలుసు. చిన్న చోట రూమ్మేట్‌తో చెడితే రోజూ వాడి మొహమే చూడాలి. తెలుగు మాట వినబడదు. దీపావళికి పదిమంది పోగైతే గొప్ప. పెద్ద కంపెనీలు పర్డ్యూకి వచ్చినట్టు ఇక్కడికి బారులు తీరవు, ఇంటర్న్‌షిప్ మన తిప్పలు మనం పడాలి. ఫీజు కుదరకపోతే పెద్ద యూనివర్సిటీలోనే చిన్న చోటు వెతుక్కోవచ్చు. మిచిగన్ యూనివర్సిటీలో రెసిడెన్షియల్ కాలేజ్, మిచిగన్ స్టేట్‌లో జేమ్స్ మాడిసన్ కాలేజ్, రెండూ 1967 నుంచి అలాంటివే. ఒకే భవనంలో ఉండటం, చాలా క్లాసులు అక్కడే. మా పక్కింటి అమ్మాయికి అదే సరిపోయింది.

హైదరాబాద్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసి, ఇవన్నీ అమెరికా ముచ్చట్లు అక్కా అంది. కానే కాదు. లెక్కలంటే ప్రాణమిచ్చే, నలుగురిలో నోరు విప్పని పిల్ల తనది. చెన్నై దగ్గర సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బెంగళూరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ఉంది, తిరుపతిలో సైన్సు చదివించే ఐసర్ ఉంది. ఏడాదికి వేలమందిని చేర్చుకునేవి కావు ఇవి. ఎంట్రన్సులు కష్టమే. కానీ ఆ పిల్లని ఎలాగూ పొద్దున ఆరింటినుంచి రాత్రి పదింటిదాకా కోచింగ్‌లో కూర్చోబెడుతున్నారు కదా. ఏ ఎంట్రన్సుకి అని నిర్ణయించే ముందు ఒకసారి రైలెక్కి వెళ్ళి, మెస్‌లో ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారో చూసి రండి అన్నాను. మెస్ చూడ్డానికి చెన్నై వెళ్ళాలా అంది. అవును, అదే చూడాలి అన్నాను.

ఏప్రిల్లో మావాడికి రెండు కాలేజీలు మిగిలాయి. సీటొచ్చిన పిల్లల్ని ఒక రాత్రి హాస్టల్లో ఉంచి పంపుతారు. రెండింట్లో ఒకచోట దింపేసి మేం ఊరి చివర మోటెల్‌లో ఉన్నాం. రాత్రి వాడి గదిలో ఉన్న సీనియర్ "రేపు ఎనిమిదింటికి కిందకి రా, టిఫిన్‌కి వెళదాం" అన్నాడని మెసేజ్ పెట్టాడు. నాకు నిద్రపట్టలేదు. ఎనిమిదీ పదికి ఫోన్ మోగింది. వెనకాల పళ్ళేల చప్పుడు, నవ్వులు.

"అమ్మా, వచ్చాడు. ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా తీసుకొచ్చాడు. తర్వాత చేస్తా."

మే 1లోపు డబ్బు కట్టి సీటు ఖాయం చేసుకోవాలి. ఏది ఎంచుకున్నాడో ఇక్కడ రాయను, అది వాడి సంగతి. రాసి మాత్రం ఏం లాభం, తెనాలిలో మా అమ్మ అప్పుడే మా వీధంతా చెప్పేసింది. మనవడు అమెరికాలో బిస్కెట్లు చేసే కాలేజీలో చేరుతున్నాడట. ఎదురింటి మాస్టారు నాకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: "అమ్మాయీ, ఆ కోర్సుకి ప్లేస్‌మెంట్స్ ఎలా ఉంటాయి?"